నెల ముందే కొండ దిగండి

విశాఖపట్నం

ఒరే సత్తిబాబూ,

చెల్లాయి స్కాన్ కాగితాలు చూశాను. పుట్టిన వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే బిడ్డ దక్కదా అని అడిగావు. అంత తొందర లేదురా. అలాగని వారం ఆగడానికీ లేదు. చెల్లాయి బిడ్డకున్నది మైలోమెనింగోసీల్. నడుం దగ్గర వెన్నుపాము చర్మం లేకుండా తెరుచుకునే ఉంటుంది. దాన్ని 48 గంటల్లోపు మూసేస్తే మంచిది. 72 గంటలు దాటితే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ పాకే భయం ఎక్కువ. ఆలోగా ఊపిరి, గుండె, కిడ్నీలు చూసుకుని, తలకి అల్ట్రాసౌండ్ తీసి, బిడ్డని ఆపరేషన్‌కి సిద్ధం చేస్తారు.

అందుకే కాన్పు పాడేరులో వద్దు. నొప్పులొచ్చాక 108లో ఘాట్ రోడ్డు దిగే పని పెట్టుకోకండి. 36వ వారానికల్లా విశాఖ వచ్చేయండి. న్యూరోసర్జరీ, పసిపిల్లల ఐసీయూ రెండూ ఉండాలి కాబట్టి కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) ముందే చూపించి, కాన్పు ఎలాగన్నది అక్కడి డాక్టరమ్మకే వదిలెయ్యి.

ఒకవేళ దారిలోనో, చిన్న ఆసుపత్రిలోనో కాన్పయిపోతే? ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టకూడదు, బోర్లా పడుకోబెట్టాలి. నడుం మీద తెరుచుకున్న ఆ పుండు పైపొర ఉల్లిపొరంత పల్చన. గాయాలకి కట్టే పల్చని గాజ్ గుడ్డని పొడిగా వేస్తే అంటుకుపోయి, తీసేటప్పుడు నరాలనే లాక్కొస్తుంది. స్టెరైల్ (క్రిములు లేని) గాజ్ గుడ్డని నార్మల్ సెలైన్‌లో తడిపి మెత్తగా పరిచి, పైన శుభ్రమైన ప్లాస్టిక్ పొర కప్పాలి. అప్పుడు తడి ఆరదు, ఒంటి వేడీ పోదు. ఆరుతున్నట్టుంటే మళ్లీ తడపాలి. అయోడిన్, స్పిరిట్ దాని మీద పొయ్యనివ్వకు, నరాలు పాడైపోతాయి. విరేచనం పుండుకి తగలకుండా కింద మరో ప్లాస్టిక్ ముక్క అడ్డం పెట్టాలి. రబ్బరు చేతి తొడుగులు వద్దని, లేటెక్స్ లేనివి వాడమని నర్సుకి చెప్పు. ఈ పిల్లలకి ఆ రబ్బరు ఎలర్జీ తేలిగ్గా పట్టుకుంటుంది.

ఆపరేషన్‌లో మైక్రోస్కోపు కింద నరాల పలకని, అంటే బయటపడ్డ వెన్నుపాము ముక్కని, చర్మం అంచుల నుంచి విడదీసి లోపలికి దించుతారు. దాని మీద డ్యూరా అనే వెన్నుపాము పైపొరని నీరు కారకుండా కుట్టి, చివర చర్మం మూస్తారు. దీంతో కాళ్లకి పోయిన బలం తిరిగి రాదురా. ఉన్నది పోకుండా కాపాడటానికే ఇది. ఈ మాట చెల్లాయికి ముందే నెమ్మదిగా చెప్పు.

పుండు మూశాక తలలో నీరు చేరొచ్చు. రోజూ టేపుతో తల చుట్టుకొలత రాసుకోవాలి. మాడు ఉబ్బినా, వాంతులైనా, కళ్లు కిందికే వాలిపోతున్నా వెంటనే చూపించాలి, షంట్ (తలలో నీటిని మళ్లించే గొట్టం) వెయ్యాల్సి రావచ్చు. ఏడుస్తుంటే గొంతులో కీచుమని శబ్దం వస్తే అసలు ఆగొద్దు. మూత్రం పూర్తిగా రాకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకని మూడు నాలుగు గంటలకోసారి సన్న గొట్టం పెట్టి తియ్యడం ఇంటికెళ్లేలోపే చెల్లాయికి నేర్పించమను.

మీ పక్కింటి బాబుకి నడుం దగ్గరున్న గడ్డ మీద చర్మం నిండుగా ఉందన్నావు కదా, నీరు కారకపోతే అది వేరే సంగతి. ఎంఆర్ఐ తీసి, కొన్ని నెలలు ఆగి చేయించుకోవచ్చు.

ఇంకోటి. మళ్లీ గర్భం అనుకుంటే కనీసం నెల ముందు నుంచే డాక్టరు చీటీతో ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మామూలు 400 మైక్రోగ్రాములు, ఒక బిడ్డకి ఇలా వచ్చిన తల్లులకి చాలవు, దానికి పదింతలు కావాలి. వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన మొదటి 28 రోజుల్లోనే, నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని అయిపోతుంది.

ఇప్పుడు ఎన్నో వారమో, బ్లడ్ గ్రూపేంటో వెంటనే రాయి. వచ్చేటప్పుడు స్కాన్ కాగితాలన్నీ తేవాలి, రక్తం ఇవ్వగలిగిన వాళ్లని ఇద్దర్ని వెంటబెట్టుకో.

నీ
రమణ