సమాధి స్థలానికి సభ్యత్వం అడగొద్దు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాలుగా మీ లేఖల పేజీలో నాస్తికులు, క్రైస్తవులు ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకోవడం చదువుతున్నాను. దేవుడున్నాడా లేడా అని వాదించడం నాకు చేతకాదు. నలభై ఏళ్లుగా ఆదివారం ఆరాధన మానలేదు. మా తమ్ముడు హేతువాది. ఈ మే నెలలో పోయాడు. ఆ రెండు రోజులు మేం పడ్డ బాధ ఇంకో ఇంటికి రాకూడదనే ఇది రాస్తున్నాను.

వాడు చర్చి మానేసింది పుస్తకాలు చదివి కాదు. నాన్నకి షుగర్ ఉండేది. ఒక స్వస్థత కూటంలో, విశ్వాసం ఉన్నవాడికి ఇన్సులిన్ ఎందుకని స్టేజీ మీద నుంచి అడిగారు. నాన్న ఇంటికొచ్చి ఇంజెక్షన్లు ఆపేశారు. కొన్నాళ్లకే ఐసీయూలో చేర్చాం. ప్రాణం దక్కింది గానీ కాలు తీసేశారు. మా సంఘ పెద్దల్లో ఒక్కరు కూడా ఆ ప్రసంగీకుణ్ణి ఇదేంటని అడగలేదు. తమ్ముడు అడిగితే, నీకు విశ్వాసం తక్కువ అన్నారు. మహిమలతో షుగర్ నయమవుతుందని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. అయినా ఊళ్లో కరెంటు స్తంభాలకి ఆ ఫ్లెక్సీలు కడుతూనే ఉన్నారు. అప్పుడు తమ్ముడికి వచ్చిన కోపం న్యాయమైనదేనని ఒక విశ్వాసిగా నేను ఒప్పుకుంటాను.

వాడు ఆఖర్న కోరింది ఒక్కటే. "నాన్న పక్కన పెట్టక్కా, ప్రార్థన చేసుకుంటారో లేదో మీ ఇష్టం" అన్నాడు. కమిటీ వాళ్లు రిజిస్టరు తెరిచి, పదకొండేళ్ల చందా బాకీ చూపించారు. కట్టేస్తాం అన్నాను. చందా సంగతి కాదమ్మా, బల్ల (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు భోజనం) తీసుకోనివాడికి మన సమాధుల తోటలో చోటెలా ఇస్తాం అన్నారు. అమ్మకి ఎనభై నాలుగేళ్లు. నాన్న పక్కన తన కోసం ఉంచిన చోటు కొడుక్కి ఇచ్చేస్తానని గేటు దగ్గర నిలబడి చెప్పింది. వినలేదు. ఇంటి ముందు ఫ్రీజర్ బాక్సు, మే ఎండ, మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయింది. కరెంటు పోయినప్పుడల్లా అమ్మ తడి తువ్వాలు తెచ్చి ఆ అద్దం మీద పరిచేది. మర్నాడు సాయంత్రం, దూరపు బంధువు ఒకాయన మాట సాయంతో ఊరి చివర వేరే సంఘం వాళ్ల తోటలో భూస్థాపన చేశాం.

తర్వాతి ఆదివారం తమ్ముడి స్నేహితులు సంస్మరణ సభ పెట్టారు. వాళ్లు మంచివాళ్లే, ఆసుపత్రిలో రాత్రుళ్లు మా పక్కన కూర్చున్నారు. కానీ ఒకాయన మైకు తీసుకుని, మా తమ్ముడు మూఢుల ఇంట్లో బందీగా బతికాడన్నాడు. అమ్మ ముందు వరసలోనే ఉంది. మూడేళ్లు వాడికి ఉప్పులేని కూర విడిగా వండిపెట్టింది ఆ మూఢురాలే. తల ఎత్తకుండా కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. సభలో ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఆపాల్సింది.

ఈ రెండు వర్గాలకీ పొసగదని ఎవరైనా అంటే నేను నమ్మను. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న గుర్రం జాషువా గారి కూతురు హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇంటి కోడలు. ఆమె, భర్త లవణం కలిసి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో, నేరస్థులని ముద్ర పడ్డవాళ్ల బాగు కోసం పనిచేశారు. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతులని ముద్ర వేసిన కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఒకప్పుడు అక్కడే సెటిల్‌మెంట్ (నిఘాలో ఉంచే కాలనీ) నడిపింది. ఇదంతా నాకు చెప్పింది మా తమ్ముడే, చాలా ఇష్టంగా చెప్పేవాడు.

జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ అధికారులకు నా విన్నపం. నగరంలోని ఫతుల్లగూడ ముక్తిఘాట్ శ్మశానవాటికలో హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఒకే ప్రాంగణంలో విడివిడిగా చోటిచ్చారు. మంచి పని. మతం వదిలేసినవాళ్లకి, ఏ సంఘం రిజిస్టరులోనూ పేరు లేనివాళ్లకి కూడా అలాంటి చోటు నగరంలో నాలుగు దిక్కులా చూపించండి. జనన ధృవీకరణ దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అని రాసుకునే వీలుండాలని 2023 జులైలో మన హైకోర్టే చెప్పింది. పుట్టుక కాగితంలో ఉన్న ఆ వీలు చావు దగ్గర కూడా ఉండాలి కదా.

ఇక సంఘ పెద్దలకు. కుటుంబానికి ఇప్పటికే సమాధి ఉన్న చోట, ఆ ఇంటి బిడ్డ బల్ల తీసుకున్నాడా లేదా అని చూడకుండా పక్కన పెట్టనివ్వండి. నియమావళిలో ఈ ఒక్క మాట చేర్చమని మా కమిటీకి జూన్‌లో అర్జీ ఇచ్చాను. రెండుసార్లు వెళ్లి అడిగాను. వచ్చే మీటింగులో పెడతాం అంటున్నారు.

– ఒక పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
బొల్లారం, సికింద్రాబాద్