‘మొండి’ అన్న మాట తీసేశాం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మేధోవైకల్యం ఉన్న పిల్లల ప్రవర్తన మదింపు పత్రాలు ఈ నెలలో మీకు అందుతాయి. ఈసారి అవి కొంచెం వేరుగా కనిపిస్తాయి. కారణం చెబుతాను.

ఇటీవల ఉపాధ్యాయులమంతా ఒక బాబు పాత పత్రాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒకరు ‘మొండి’ అని రాశారు, మరొకరు ‘నెమ్మదస్తుడు’ అని రాశారు. ఇద్దరూ చూసింది ఒకే పిల్లవాడిని, ఒకే ఏడాదిలో. మనం కొలిచింది మన ఓపికనేమో అని ఒక టీచరు అన్నారు. ఎవరూ కాదనలేకపోయాం.

అందుకే ఇప్పుడు ముద్ర వేసే మాటలు రాయడం లేదు. ముందు ఏం జరిగింది, బిడ్డ ఏం చేసింది, తర్వాత మేమేం చేశాం అన్నవి మాత్రమే రాస్తున్నాం. ఒక పాప రోజూ నోటుపుస్తకం విసిరేసేది. రెండు వారాల నమోదు చూస్తే, బోర్డు మీదిది ఎక్కించుకోమన్న ప్రతిసారీ అలా చేస్తోంది. మేము వెంటనే బయట కూర్చోబెడుతున్నాం. మేము శిక్ష అనుకున్నది ఆమెకు ఊరట! కష్టంగా ఉందని చెప్పే మాట ఆమె దగ్గర లేదు. ‘సాయం కావాలి’ అన్న బొమ్మ కార్డు ఇచ్చి, చూపించడం నేర్పాం. ఇప్పుడు ఆ కార్డు అంచులు నలిగిపోయాయి, పుస్తకం మాత్రం బల్ల మీదే ఉంటోంది. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లోనే ఈ మార్గం చూపించారు: అడగడం నేర్పితే విసరడం, కొట్టడం తగ్గుతాయని.

ఉపాధ్యాయులందరిదీ ఒకే మాట కాదు. పాఠం చెబుతూ ఇదంతా రాయడం కష్టమని కొందరన్నారు, అది నిజమే. అంకెలు వేసే పత్రమైతే మార్పు తేలిగ్గా తెలుస్తుందని మరికొందరి అభిప్రాయం. ఆ పత్రాన్నీ ఉంచుతున్నాం. కానీ అంకె కారణం చెప్పదు కాబట్టి దాన్ని ఒంటరిగా మీకు పంపం.

మీ సాయం లేనిదే ఇది పూర్తికాదు. చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం, నిద్రలేమి, మందు మారడం... ఇవన్నీ ప్రవర్తనలో కనిపిస్తాయి. వైకల్యం ఉంది కాబట్టి అంతేలే అనుకుంటే నొప్పి దాగిపోతుంది. రాత్రి సరిగా నిద్రపోలేదంటే డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి.

పత్రంలో ఏ వాక్యమైనా మీ బిడ్డలా అనిపించకపోతే, పక్కనే మీ మాట రాయండి. దాన్ని కొట్టివేయకుండా ఫైలులో ఉంచుతాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు