లించింగ్ పోస్ట్‌కార్డులు అంగట్లో అమ్ముకునే సరుకా?
అమెరికాలో నల్లజాతివాళ్లని మూకలు ఉరేసో తగలబెట్టో చంపినప్పుడు (దాన్నే లించింగ్ అంటారు) తీసిన ఫోటోలు, పోస్ట్‌కార్డులు ఇవాళ్టికీ రేటు కట్టి అమ్ముతున్నారు, ఇది ఆగాలి. నేనుండేది టెక్సాస్‌లో, ఇక్కడ ఒక యాంటిక్ షాపులో అద్దాల బీరువాలో పాత కోకాకోలా రేకుల పక్కనే అలాంటి కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టారు, ధర స్టిక్కర్ సరిగ్గా ఆ చనిపోయినతని కాళ్ల మీద అంటించారు, అతని పేరు లేదు, ఊరు లేదు. ఇదే రాష్ట్రంలో 1916లో వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే 17 ఏళ్ల కుర్రాణ్ణి వేలమంది చూస్తుండగా తగలబెట్టి, ఆ ఫోటోలనే పోస్ట్‌కార్డులు చేసి అమ్మారు, 1930లో ఇండియానాలోని మారియన్‌లో ఇద్దర్ని ఉరేసిన ఫోటో అయితే కాపీ 50 సెంట్లు చొప్పున వేలల్లో అమ్ముడైంది, అప్పుడు డబ్బు చేసుకున్నారు, మళ్లీ ఇప్పుడూనా? అలాగని ఈ కార్డుల్ని తగలబెట్టేయమని అనట్లేదు, సాక్ష్యం పోతే అసలు జరగనే లేదనేవాళ్లు తయారవుతారు, జేమ్స్ అలెన్ అనే ఆయన ఏళ్లపాటు ఇవి సేకరించి 2000లో న్యూయార్క్‌లో ప్రదర్శనకి పెట్టాడు కాబట్టే చాలామంది కళ్లారా చూడగలిగారు. ఇంట్లో అటక మీద ఇలాంటివి బయటపడ్డవాళ్లు, షాపులవాళ్లు మిచిగన్ ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో జాతివివక్ష నాటి వస్తువుల్ని భద్రపరిచే జిమ్ క్రో మ్యూజియం లాంటి చోట్లని అడిగి ఉచితంగా ఇచ్చేయాలి, వేలం కంపెనీలు, ఆన్‌లైన్ సైట్లు మ్యూజియంలకీ లైబ్రరీలకీ తప్ప ఇంకెవరికీ అమ్మనివ్వకూడదు, చనిపోయినవాళ్ల పేరు కనుక్కుని రాయాలి, వాళ్ల కుటుంబంవాళ్లు దొరికితే ఏంచేయాలో ముందు వాళ్లనే అడగాలి.