ముందు తీరం, తర్వాతే హోటల్

సంపాదకులకు నమస్కారం.

కరీబియన్ విహారంపై మీరు వేసిన కథనమంతా హోటళ్ల స్టార్లు, స్విమ్మింగ్ పూల్స్ గురించే. పిల్లాపెద్దలతో బార్బడోస్ వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఏ తీరంలో దిగాలన్నది. పడమటి వైపు హోల్‌టౌన్, స్పైట్స్‌టౌన్ దగ్గర సముద్రం చాలా రోజులు చెరువులా ఉంటుంది. మా బాబు అరికాళ్లు తడిసే నీళ్లలో కూర్చుని చిన్న బకెట్‌తో ఇసుక తోడుకుంటుంటే, పక్కనే ఉన్న నాకు టెన్షన్ అనిపించలేదు. తూర్పున బాత్‌షెబా అందం వేరు. కానీ అక్కడిది అట్లాంటిక్, ఆ అలలు సర్ఫింగ్ చేసేవాళ్లకే. సర్గాసమ్ నాచు కూడా ఎక్కువగా తూర్పు, దక్షిణ తీరాలకే కొట్టుకొస్తుంది.

అక్కడి బీచ్‌లు అందరివీ. 'ప్రైవేట్ బీచ్' అంటూ ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వకండి. ఆ డబ్బు వంటగది ఉన్న విల్లాకు పెట్టండి. మా అత్తగారు మాంసం ముట్టరు. పప్పు, చారు ఇంట్లోనే దొరికాయి కాబట్టే ఆవిడ హాయిగా ఉన్నారు.

డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అద్దెలు మండిపోతాయి. జూన్ నుంచి నవంబర్ వరకు హరికేన్ల కాలం. మాకు మే నెల బాగా కుదిరింది. దయచేసి ఈ వివరాలు కూడా మీ పేజీలో వేయండి.

– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ