ర్యాంపు ముందు బండ్లు తీయించండి సార్

గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి,

సోమవారం పొద్దున లైబ్రరీ ర్యాంపుకు అడ్డంగా 6 బైకులు, అన్నిటికీ హ్యాండిల్ లాకులే. వీల్‌చైర్‌లో వచ్చిన మా జూనియర్ ఎండలో 20 నిమిషాలు ఆగింది. చివరికి వాచ్‌మన్ అన్న, నేను కలిసి రెండు బండ్లు ఎత్తి పక్కన పెట్టాం. క్యాంపస్ అందరికీ అందుబాటులో ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది కదా!

గేటు దగ్గర 10 రూపాయల చీటీ మాత్రం ఠంచనుగా చింపుతున్నారు. ఆ డబ్బు ఎటు పోతోంది సార్? స్టాండులో నీడా లేదు, గీతలూ లేవు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో పార్కింగ్ ఖర్చు పార్కింగ్ వసూళ్లతోనే గడవాలన్నది నియమం. మన జమాఖర్చులు కూడా నోటీసు బోర్డులో పెట్టించండి.

ర్యాంపు దగ్గర మాత్రం ఈ వారమే, వీల్‌చైర్ పట్టేంత సందు వదిలి, ఇనుప స్తంభాలు నాటించండి.

ఇట్లు,
ఎం.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని