2023-24 వార్షిక నివేదిక: సోచీ నుంచి ఫిలడెల్ఫియాకు

సభ్యులకు, వారి కుటుంబాలకు, ఊరి నుంచి వచ్చి ఇక్కడ ఉన్న పెద్దలకు నమస్కారం.

ఫిలడెల్ఫియా ఐస్ హాకీ జట్టు ఫ్లయర్స్‌ను అభిమానించే తెలుగు కుటుంబాల సంఘం మనది. మన నియమావళి ప్రకారం జూలై సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి ఏడాది పనుల నివేదిక ఇవ్వాలి. ఏటా రెండు పేజీల్లో ముగించేవాళ్లం. ఈసారి కుదరలేదు, మన్నించాలి. జూలై 1న రష్యా ఆటగాడు మాట్వే మిచ్కోవ్ ఫ్లయర్స్‌తో మూడేళ్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. 2026 దాకా రాడని మనమంతా మనసుకు సర్దిచెప్పుకున్న కుర్రాడు రెండేళ్లు ముందే వస్తున్నాడు. గత ఏడాది సంఘం చేసిన పనిలో సగానికి పైగా అతని కోసం ఎదురుచూడటమే. అందుకే నివేదిక కూడా అక్కడే మొదలవుతుంది.

ఈ ఏడాది చేరిన కుటుంబాల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 2023 జూన్ 28న నాష్‌విల్‌లో జరిగిన డ్రాఫ్టులో, అంటే జట్లు వరసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఫ్లయర్స్ ఏడో ఎంపికగా మిచ్కోవ్‌ను తీసుకుంది. ఆటను బట్టి చూస్తే అతను అంత కిందికి రావాల్సినవాడు కాదు. రష్యాలో ఎస్‌కేఏ సెయింట్ పీటర్స్‌బర్గ్ క్లబ్బుతో 2026 దాకా ఒప్పందం ఉండటం వల్ల చాలా జట్లు వెనకాడాయి. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి దేశాల సమాఖ్యలకు ఫ్లయర్స్ ఆడే ఉత్తర అమెరికా లీగు ఎన్‌హెచ్‌ఎల్‌తో ఆటగాళ్ల బదిలీ ఒప్పందం ఉంది, రష్యాకు లేదు. ఒప్పందం గడువు తీరాలి, లేదా అక్కడి క్లబ్బు తానుగా వదలాలి. ఈ సంగతి సమావేశంలో ఎన్నిసార్లు వివరించినా కొందరికి బోధపడలేదు. చివరికి ఒక సభ్యురాలు లేచి, "అబ్బాయికి ఆఫర్ లెటర్ వచ్చింది, రిలీవింగ్ లెటర్ రాలేదు, అంతే కదండీ" అన్నారు. హాలంతా ఒక్కసారిగా తలలూపింది. బాండు రాసి ఇరుక్కున్నవాళ్లు, నోటీసు పీరియడ్ లెక్కపెట్టుకున్నవాళ్లు, వీసా ముద్ర కోసం కాన్సులేట్ గుమ్మం ముందు నిలబడినవాళ్లు మనలో లేని ఇల్లు ఏది? ఆ రోజు నుంచి ఈ కుర్రాడు మనకు పరాయివాడు కాలేదు.

ఎస్‌కేఏ అతన్ని నిరుడు సీజన్ మొదట్లోనే మళ్లీ సోచీ జట్టుకు అరువిచ్చింది. దాంతో మన శనివారాలు సోచీవి అయిపోయాయి. చలికాలంలో అక్కడ సాయంత్రం అయిదంటే మనకు పొద్దున తొమ్మిది. లైబ్రరీ తలుపు తెరిచే వేళకే ఫ్లాస్కుల్లో కాఫీ, డబ్బాల్లో ఇడ్లీలతో వచ్చి, 2014 ఒలింపిక్స్ కోసం కట్టిన ఆ బోల్షోయ్ మంచు గోపురాన్ని తెర మీద చూస్తూ కూర్చునేవాళ్లం. సోచీ బలమైన జట్టు కాదు, కప్పు కోసం చివర్లో జరిగే ప్లేఆఫ్‌లకు కూడా చేరలేదు. ఓడిపోయే జట్టు ఆటలు అంత శ్రద్ధగా ఎందుకు చూస్తున్నారని ఇంట్లోవాళ్లు అడిగితే మా దగ్గర ఒకటే జవాబు ఉండేది. గోలు వెనక సందులోంచి, ఇద్దరు ఆటగాళ్ల మధ్య కర్ర పట్టే చోటు కూడా లేని దగ్గర, ఈ పిల్లవాడు తోటివాడి కర్ర మొనకు బిళ్లను ఎలా అందిస్తాడో చూడండి అనేవాళ్లం. 47 ఆటల్లో 19 గోల్స్, 22 అసిస్టులు (తోటివాడి గోలుకు బిళ్ల అందించినవి). పెద్దవాళ్ల లీగులో, పందొమ్మిదేళ్ల వయసులో. అతను 2023 ఏప్రిల్‌లో తండ్రిని పోగొట్టుకున్నాడు. అయినా ఏడాది తిరక్కుండా అదే ఊళ్లో ఇంత ఆట ఆడాడు. కొన్ని శనివారాలు మా గదిలో ఈ మాటే గుర్తుకొచ్చి ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

పైన బిళ్ల అని రాశాను. ఆ మాట ఎలా వచ్చిందో చెబితేగాని ఈ ఏడాది మనం గర్వపడాల్సిన పని గురించి చెప్పినట్టు కాదు.

మార్చి నెలలో జరిపిన "తెలుగులో ఐస్ హాకీ" సాయంత్రం మన సంఘ చరిత్రలోనే పెద్ద కార్యక్రమం. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఆరు నెలల పాటు చలికి భయపడి ఇంట్లోనే ఉండిపోతున్నారని, మనం ఆట చూస్తుంటే పక్కన కూర్చుని ఏమీ అర్థంకాక లేచిపోతున్నారని కార్యవర్గంలో ఒక మాట వచ్చింది. అప్పుడే ఒక సోచీ ఆట రికార్డింగుకు మొదటి నుంచి చివరి దాకా తెలుగులో వ్యాఖ్యానం చెబుదామని తీర్మానించాం. మైకు పట్టింది ఒకప్పుడు తన ఊళ్లో కబడ్డీ పోటీలకు వ్యాఖ్యానం చెప్పిన సభ్యుడు. ఆయన పక్కన హైస్కూలు జట్టులో ఆడే మన అమ్మాయి కూర్చుని నియమాలు అందించింది. ఇద్దరూ మూడు వారాల పాటు రాత్రిళ్లు సాధన చేశారు.

హాలు నిండిపోయి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ధ్యాన్‌చంద్ పేరు వింటూ పెరిగిన ఒక తాతయ్య మొదటి పీరియడ్‌లో లేచి, "అంతా బాగానే ఉంది బాబూ, బంతేదీ?" అని అడిగారు. బంతి కాదు తాతగారూ, గట్టి రబ్బరుతో చేసిన నల్లటి చక్రం అని చెబితే, "అట్లా అయితే బిళ్ల అనండి, మేం బిళ్లంగోడు ఆడినవాళ్లమే" అన్నారు. ఆ క్షణం నుంచి వ్యాఖ్యానంలో పక్ అన్న మాట వినబడలేదు. పవర్ ప్లే వచ్చినప్పుడు "అయిదుగురికి నలుగురు", పెనాల్టీ పడినప్పుడు "రెండు నిమిషాల బెంచీ", గోలీని "కాపలాదారు" అన్నారు. ఐసింగ్ అనే నియమానికి మాత్రం ఎవరికీ మాట దొరకలేదు. దాన్ని చేతులతో చూపించి చెప్పాల్సి వచ్చింది, మాట తట్టినవాళ్లు దయచేసి రాసి పంపండి. మూడో పీరియడ్ వచ్చేసరికి ముందు వరస అమ్మమ్మలు "అదిగో ఆఫ్‌సైడు" అని మాకంటే ముందే అరిచారు. ఆ రాత్రి హాలు ఊడ్చి తాళం వేసి బయటికి వచ్చేటప్పుడు, ఇన్నేళ్లుగా ఈ సంఘం ఎందుకు నడుపుతున్నానో నాకు బాగా అర్థమైంది.

ఆ సాయంత్రం విరామంలో ఒక పెద్దాయన చెప్పిన సంగతి కూడా ఇక్కడ నమోదు చేయాలి. ఆయన డెబ్బైల్లో చదువుకోవడానికి ఈ ఊరు వచ్చారు. 1976 జనవరి 11న ఇక్కడి స్పెక్ట్రమ్ స్టేడియంలో ఫ్లయర్స్, సోవియట్ రెడ్ ఆర్మీ జట్టుతో ఆడింది. 1974, 1975లో వరసగా ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన జట్టు ఫ్లయర్స్. ఫ్లయర్స్ ఆటగాడు వాన్ ఇంప్ ఢీకొట్టిన దెబ్బకు రష్యన్ ఆటగాడు ఖర్లమోవ్ మంచు మీద పడిపోయాడు, రష్యన్లు అలిగి మైదానం వదిలి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత తిరిగి వచ్చి 4-1తో ఓడారు. ఆ పర్యటనలో రెడ్ ఆర్మీని ఓడించిన ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఫ్లయర్స్ ఒక్కటే. పెద్దాయన దాన్ని అద్దె గదిలో చిన్న టీవీలో చూశారట. "అప్పుడు రష్యావాళ్లు ఓడిపోవాలని ఊరంతా కోరుకుంది, ఇప్పుడు ఒక రష్యా పిల్లవాడు క్షేమంగా వచ్చి చేరాలని అదే ఊరు దణ్ణం పెట్టుకుంటోంది" అన్నారు. ఈ మాటకు నేను కలపాల్సింది ఏమీ లేదు.

అందరూ మిచ్కోవ్ అంత తేలిగ్గా రాలేదు. రష్యా గోలీ ఇవాన్ ఫెడోటోవ్ సంగతి తెలిసిందే. 2015లో డ్రాఫ్టు అయ్యాడు. 2022 మేలో ఇక్కడ ఒప్పందం రాశాడు. జూలైలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పట్టుకుని సైనిక సేవకు పంపారు. ఈ ఏడాది ఏప్రిల్ 1న న్యూయార్క్ ఐలాండర్స్ మీద మొదటిసారి ఫ్లయర్స్ చొక్కాతో మంచు మీదికి దిగాడు. తొమ్మిదేళ్లు! ఆ రాత్రి మన వాట్సాప్ గుంపులో మెసేజీలు ఒంటిగంట దాకా ఆగలేదు. మిన్స్క్ నుంచి వసంతంలో వచ్చిన అలెక్సీ కొలొసోవ్, ఫిన్లాండ్ కుర్రాడు సాము తువోమాలా అలెన్‌టౌన్‌లో ఫ్లయర్స్ రెండో జట్టు ఫాంటమ్స్ తరఫున ఆడుతుంటే రెండు కార్లలో వెళ్లి చూసి వచ్చాం. స్వీడన్ నుంచి వచ్చిన ఎమిల్ ఆండ్రే అక్టోబర్‌లోనే ఫ్లయర్స్‌లో అడుగుపెట్టాడు. 2023లో మూడో రౌండులో తీసుకున్న గోలీ ఎగోర్ జవ్రాగిన్ ఇంకా రష్యాలోనే ఉన్నాడు. అతని కోసం మళ్లీ శనివారాలు మొదలుపెట్టక తప్పదని ఇప్పుడే హెచ్చరిస్తున్నాను.

జనవరి 8 గురించి ఎక్కువ రాయను. 2022లో అయిదో ఎంపికగా తీసుకున్న కట్టర్ గోతియే ఫ్లయర్స్‌తో సంతకం చేయనని చెప్పడంతో అతన్ని అనహైమ్ జట్టుకు పంపి, బదులుగా జేమీ డ్రైస్‌డేల్‌ను, ఒక రెండో రౌండు ఎంపికను తెచ్చుకున్నారు. ఆ వారం మన పిల్లల్లో ఇద్దరు అతని పేరున్న చొక్కాలు తీసి అటక మీద పెట్టేశారు. అతని కారణాలు అతనికి ఉంటాయి. కానీ ఇక్కడే పక్కనున్నవాడు రానన్నాడు, యుద్ధం, ఒప్పందం, వీసా అన్నీ అడ్డున్నవాడు వస్తానన్నాడు. జూలై 1 సంతోషం ఇంత గట్టిగా తాకడానికి జనవరి 8 కూడా ఒక కారణం.

సీజన్ ఫలితం మీకు తెలుసు. 87 పాయింట్లు, ప్లేఆఫ్‌లలో చివరి చోటు దక్కించుకున్న వాషింగ్టన్‌కు 91. ఏప్రిల్ 16న అదే వాషింగ్టన్ మీద స్కోరు సమంగా ఉండగా, గెలుపు కోసం అదనపు ఆటగాణ్ని దింపడానికి గోలీని బయటికి పిలిచి, ఖాళీ గోలులో బిళ్ల పడి 2-1తో ఓడిన రాత్రి ఇంకా నొప్పిగానే ఉంది.

ఇక లెక్కలు. ఆదాయం సభ్యత్వ రుసుము, వ్యాఖ్యానం సాయంత్రం విరాళాలు. ఖర్చు ప్రొజెక్టరు, హాలు అద్దె, పిల్లల స్కేట్ల అద్దె. నిల్వ 412 డాలర్లు. పట్టిక కోశాధికారి గారు జతచేశారు, ఇద్దరు సభ్యులు తనిఖీ చేశారు. సందేహాలుంటే వారినే అడగగలరు.

ఇప్పుడు రెండు మాటలు చెప్పక తప్పదు. వ్యాఖ్యానం సాయంత్రానికి స్వచ్ఛందంగా పనిచేస్తామని 31 మంది పేర్లు రాశారు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి హాలు దగ్గర ఉన్నది ఆరుగురం. కుర్చీలు, తెర, మైకు, భోజనాలు, చివర చెత్త, అన్నీ ఆ ఆరుగురే. "ట్రాఫిక్" అని మెసేజి పెట్టినవాళ్లు ఆట మొదలయ్యే వేళకు పిల్లలతో వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నాకు కోపం లేదని రాస్తే అబద్ధం అవుతుంది. పేరు రాయడం మాట ఇవ్వడమే. రాలేకపోతే ముందు రోజు చెప్పండి, మరొకరిని చూసుకుంటాం. రెండోది, ఆటస్థలం పక్కన పిల్లల కోసం వీధి హాకీ శిబిరం పెట్టుకుంటామని ఒక స్థానిక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. మొదటి రెండింటికి జవాబే లేదు. మూడోదానికి అనుమతి ఇస్తూ జవాబు వచ్చింది, శిబిరం తేదీ దాటిన ఎనిమిది రోజులకు. ఇరవై మంది పిల్లలు కొత్త కర్రలు కొనుక్కుని ఎదురుచూశారు. ఈసారి ఉత్తరంతో పాటు మనమే గుమ్మం దాకా వెళ్దాం.

కృతజ్ఞతలు చాలా ఉన్నాయి. పదకొండు శనివారాలు తాళం తీసిన లైబ్రరీ ఉద్యోగినికి, ప్రతివారం ఇడ్లీ పిండి రుబ్బిన ఇద్దరు అత్తయ్యలకు, ప్రొజెక్టరు బల్బు పోతే రాత్రికి రాత్రి కొత్తది తెచ్చిన బాబాయి గారికి, మైకు పట్టిన జంటకు, ఆ ఆరుగురికి. పిల్లలకు రష్యన్ అక్షరాలు నేర్పిన పొరుగింటి రష్యన్ దంపతులకు ప్రత్యేకంగా. వారి సాయంతో మన పిల్లలు మిచ్కోవ్‌కు 39వ నంబరు వేసి స్వాగత పత్రం తయారుచేశారు. పైన రష్యన్‌లో, కింద తెలుగులో "రా బాబూ, ఇల్లు నీదే" అని ఉంది. రెండు సూట్‌కేసులతో, సరిగా నోరు తిరగని ఇంగ్లిషుతో ఈ దేశంలో దిగిన మొదటి వారం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ పత్రాన్ని వూర్హీస్‌లోని ఫ్లయర్స్ శిక్షణ కేంద్రానికి అందజేయాలని కార్యవర్గం తీర్మానించింది.

వచ్చే సీజన్ అక్టోబర్ 11, శుక్రవారం రాత్రి వాంకూవర్‌లో మొదలవుతుంది. మనకు ఆట పది గంటలకు, అర్ధరాత్రి దాటే ముగుస్తుంది. సొంత మైదానంలో మొదటి ఆట 19న. 11వ తేదీకి హాలు మన పేరున రాయించాను. పిల్లలకు దుప్పట్లు తెచ్చుకోండి. కుర్చీలు వేయడానికి తొమ్మిదికల్లా పది మంది కావాలి, పేర్లు రాసే కాగితం సమావేశం రోజు గుమ్మం పక్కన బల్ల మీద ఉంటుంది.

ఇట్లు,
మీ కార్యదర్శి