రక్తం పలుచబడే మందులను సొంతంగా ఆపవద్దు

సంపాదకులకు నమస్కారం.

రక్తం పలుచబడేందుకు మందులు వాడేవారిలో ఎక్కువమంది భయపడేది రక్తస్రావానికి. ఆ భయం అకారణమేమీ కాదు గాని, పన్ను తీయించుకోవాలనగానే డాక్టరును అడగకుండా నాలుగైదు రోజులు మాత్ర మానేసేవారికి రెండోవైపు పొంచి ఉన్న ముప్పు తోచదు. గుండె లయ తప్పినవారికి మందు ఆగితే గుండెలో గడ్డ ఏర్పడి మెదడుకు చేరవచ్చు. స్టెంట్ వేయించుకున్న కొత్తలో క్లోపిడోగ్రెల్ మానేస్తే ఆ స్టెంటే మూసుకుపోవచ్చు. నిజానికి చాలావరకు పన్ను చికిత్సలు మందు ఆపకుండానే చేస్తారు.

ఈ మందులన్నీ ఒకటే అనుకోవడం మరో చిక్కు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా చూస్తాయి. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ మాత్రం విటమిన్ కె సాయంతో కాలేయంలో తయారయ్యే, రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లను తగ్గిస్తాయి. అందుకే వాటికి, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష తప్పదు. గుండె లయ తప్పినవారిలో అది సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. అపిక్సబాన్, రివరాక్సబాన్ వంటి కొత్త మందులకు ఆ పరీక్ష అక్కర్లేదు గాని కిడ్నీల పనితీరు చూస్తూ ఉండాలి. పైగా గుండెలో లోహపు కవాటం అమర్చినవారికి ఇవి పనికిరావు కనుక, పక్కవారి చీటీ చూసి మందు మార్చమని అడగడం తెలివైన పని కాదు.

వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల ముఖమే చూడకూడదన్న సలహా ఎక్కడ పుట్టిందో గాని, కావలసింది మానేయడం కాదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినడం. అంతకంటే జాగ్రత్త పడవలసింది మోకాళ్ల నొప్పికి ఎవరినీ అడగకుండా వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రల విషయంలో. రక్తం పలుచబడే మందుతో కలిస్తే ఇవి కడుపులో రక్తస్రావానికి దారితీయగలవు. మెట్రోనిడజోల్ వంటి కొన్ని యాంటీబయాటిక్‌లు వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచుతాయి. మలం తారులా నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, పైకి గాయం కనిపించకపోయినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒక పూట మరిచిపోయామని మరుసటి పూట రెండు మాత్రలు వేసుకోకూడదు.

వైద్యులకు నా విన్నపం ఒక్కటే: చీటీలో మందు పేరు పక్కనే అది ఎందుకో, ఎప్పటివరకో, మాత్ర మరిచిపోతే ఏం చేయాలో రోగి చదవగలిగే అక్షరాల్లో రాసివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు